కౌలుకిచ్చిన పరిశోధన

ఏలూరు జిల్లాలో క్యాన్సర్‌కి ఇక నిలవడానికి చోటు ఉండదని మంత్రి పట్టాభిరామయ్య గారు పోయిన ఏడాది మే నెలలో ప్రకటించారు. ప్రకటన పదకొండు గంటల ఎండలో, నలభై అడుగుల ఫ్లెక్సీ కింద జరిగింది. ఆ ఫ్లెక్సీ వేసింది నేనే. పవర్‌పేటలో ఫ్లెక్సీలు, జిరాక్సులు, డీటీపీ, లామినేషన్ చేసే షాపు నాది. పాతికేళ్లుగా ఈ జిల్లాలో జరిగిన అభివృద్ధి అంతా ముందు నా మెషిన్‌లోంచి బయటికొచ్చి, ఆ తరవాత వీలున్నచోట భూమ్మీదికి వచ్చింది. కాబట్టి నేను చెప్పేది నమ్మవచ్చు.

పథకం పేరు 'కొల్లేరు క్యాన్సర్ పరిశోధన డాక్టరల్ ఫెలోషిప్'. మండలానికి ఒక పరిశోధకుడు. అయిదేళ్లు నెలనెలా స్టైపెండు, పరికరాలు, తిరగడానికి బండి ఖర్చు. పరిశోధకుడు సంతకం పెట్టి పంపిన మనిషికి పెద్దాస్పత్రిలో పరీక్షలన్నీ ఉచితం. అయిదేళ్లు తిరిగేసరికి మండలానికి ఒక డాక్టరేటు. పరిశోధన కోసం మన పిల్లలు ఊళ్లు పట్టుకుని తిరగక్కర్లేదనీ, పరిశోధనే మన చెరువుగట్టు మీదికి నడిచి వస్తుందనీ మంత్రిగారు సెలవిచ్చారు. ఒక విలేకరి లేచి, క్యాన్సర్ సంగతి తేల్చడం అంత తేలికాండీ అని అడిగాడు. మంత్రిగారు చిరునవ్వు నవ్వారు. రొయ్యకి వైరస్ వస్తే మన రైతులు కనిపెట్టడం లేదా, మనిషి రొయ్యకంటే ఎన్నో రెట్లు పెద్ద కదా, ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది అన్నారు. ఇంత సూటిగా ఆలోచించే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే రూబీ అనే అమ్మాయి సర్టిఫికెట్లు పట్టుకుని షాపుకి వచ్చింది. కలిదిండి అవతల లంకగ్రామం. నాన్న ఎలీయాజరు రొయ్యల చెరువులకి కాపలా ఉంటాడు. ఈ పిల్ల బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, పీహెచ్‌డీకి అర్హత పరీక్ష కూడా పాసయింది గానీ స్టైపెండు వచ్చే ర్యాంకు రాలేదు. ప్రొఫెసర్ మెర్సీ గారని ఒకావిడ, ఏదైనా ఫెలోషిప్పు తెచ్చుకుంటే సీటిస్తాను, ఆగస్టు దాటితే ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది అన్నారట. లంకల్లో ఆడవాళ్లు రొమ్ములో గడ్డ ఉన్నా ఆస్పత్రికి ఎందుకు ఆలస్యంగా వెళుతున్నారు, ఇంటింటికీ వెళ్లి అడిగితే ముందే పట్టుకోగలమా అన్నది ఆ అమ్మాయి ఎంచుకున్న పరిశోధన.

ఇదే ఎందుకమ్మా అని అడిగాను. మెషిన్ వేడెక్కేలోపు ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"మా అమ్మ మార్తమ్మ, గడ్డ ఉందని ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదండి బాబాయ్ గారూ. చెప్పేటప్పటికి చెయ్యడానికి ఏం మిగల్లేదండి."

నాకు మనసు అదోలా అయిపోయింది. చివరి రెండు కాయితాలకి డబ్బులు పుచ్చుకోలేదు.

ఇక దరఖాస్తు ఫారం. పథకం అమలు చేసే బాధ్యత 'కొల్లేరు తీర ప్రగతి మండలి' అనే సంస్థకి అప్పగించారు. ముప్పై ఏళ్లుగా ఆ మండలి చేసే పని ఒక్కటే, చెరువులు లీజుకివ్వడం. అక్కడి అధికారి శ్యామ్ సుందర్ గారు మహా చురుకైనవారు. ప్రకటన వచ్చిన రెండోరోజుకే ఫారం సిద్ధం చేశారు. చెరువు లీజు ఫారం పైన హెడ్డింగు తీసేసి, పథకం పేరు పెట్టి నాకు పంపారు. నేను అయిదువందల కాపీలు వేశాను. అందులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, నీరు ఎక్కణ్ణించి వస్తుంది, పెంచేది చేపా రొయ్యా అన్న గడులు ఉన్నాయి.

సర్వే నంబరు దగ్గర ఏం రాయాలని రూబీ అడిగితే నాకు తోచక శ్యామ్ సుందర్ గారికి ఫోన్ చేశాను. ఆయన ఎంతో మర్యాదగా విడమరిచి చెప్పారు. కొత్త ఫారం తయారు చెయ్యాలంటే రెండేళ్లు పడుతుంది, ప్రభుత్వం తొందరలో ఉంది. అయినా పరిశోధన ఎక్కడో ఒకచోట చెయ్యాలి కదండీ, చోటు లేకుండా ఎలా చేస్తారు అన్నారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు ఉందే అనిపించింది గానీ, గవర్నమెంటు ఆఫీసరు, పైగా నా ఖాతాదారు. రూబీ విస్తీర్ణం దగ్గర 'లేదు' అని రాసింది. పెంచేది ఏమిటన్న చోట కాసేపు ఆలోచించి 'కణాలు' అని రాసింది.

జూలైలో జాబితా వచ్చింది. సర్వే నంబరు లేనందువల్ల రూబీ దరఖాస్తు తిరస్కరించారు. ఆ మండలానికి డాక్టరల్ పరిశోధకుడిగా దుర్గాసాయి గారు ఎంపికయ్యారు. ఇరవై రెండెకరాల రొయ్యల చెరువులున్న ఆసామి, పార్టీకి మండల కన్వీనరు, దూరవిద్యలో చరిత్ర ఎమ్మే. మంచి మనిషి, గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఉత్తర్వు పట్టుకుని తిన్నగా నా షాపుకే వచ్చారు.

"ఈ చెరువు ఎక్కడుందండి?" అని అడిగారు.

ఫారం చూసి, మండలివాళ్లు కొత్త చెరువేదో లీజుకి ఇస్తున్నారనుకుని అలవాటు కొద్దీ దరఖాస్తు పెట్టేశారట. ఇది చెరువు కాదండి, క్యాన్సర్ మీద పీహెచ్‌డీ అని నెమ్మదిగా చెప్పాను. ఆయన రెండు నిమిషాలు ఫ్యాను వైపు చూశారు. మన ప్రాంతం మనిషి గొప్పతనమంతా ఆ రెండు నిమిషాల్లో కనపడింది.

"వచ్చిందాన్ని వదులుకోకూడదు కదండీ. సొంతంగా అయితే నేను చెయ్యలేను. కౌలుకి ఇచ్చేద్దాం."

తెలియనివారి కోసం చెబుతున్నాను. మా డెల్టాలో పొలం పాస్‌బుక్కు ఒకరి పేరున ఉంటుంది, బురదలో కాళ్లు ఇంకొకరివి ఉంటాయి. పంట రుణం, నష్టపరిహారం పాస్‌బుక్కు ఉన్న ఆసామికి వస్తాయి. పంట నష్టం కౌలుదారుకి వస్తుంది. దీన్ని ఎవరూ వింతగా చూడరు. వరి, చెరువు, కొబ్బరితోట అన్నీ కౌలుకి నడుస్తున్నప్పుడు పీహెచ్‌డీ మాత్రం ఏం పాపం చేసింది?

రూబీ సంగతి ఆయనకి నేనే చెప్పాను, కౌలు కాయితం కూడా నేనే టైపు చేశాను. స్టైపెండులో సగపాలు. పరిశోధన రూబీది, సంతకం ఆసామిది. మూడో ఏడు పేరు రూబీకి మార్పిస్తానని కూడా రాయించారు. పాత చెరువు కౌలు కాయితం మీదే దిద్దడం వల్ల, గాలివాన వల్ల పరిశోధనకి నష్టం వస్తే ఆసామికి సంబంధం లేదు అన్న వాక్యం కూడా ఉండిపోయింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మెర్సీ గారు మాత్రం ఒప్పుకోలేదు. పీహెచ్‌డీ కౌలుకివ్వడం ఏమిటని మండలికి మూడు ఉత్తరాలు రాశారు. మీ విజ్ఞప్తిని సాగునీటి విభాగానికి పంపడమైనది అని ఒక జవాబు వచ్చింది. ఆగస్టు దాటిపోయింది, సీటు ఇంకొకరికి వెళ్లిపోయింది. మరి ఇంత చదువూ చదివి ఆ కౌలుకి ఎందుకు ఒప్పుకున్నావమ్మా అని రూబీని అడిగాను. వదిలేస్తే ఈ ఏడాది కూడా లంకల్లో ఎవరూ ఎవరినీ చూడరండి, దీనివల్ల పరీక్షలైనా ఉచితంగా అవుతాయి, మూడేళ్లకి పేరు మారుతుంది కదండీ అంది. పిల్లకి లోకజ్ఞానం బొత్తిగా లేదు.

అప్పట్నించీ ఆశా కార్యకర్త సుగుణని వెనక ఎక్కించుకుని స్కూటీ మీద గట్లంట తిరిగింది. రొయ్యలు వలిచే షెడ్డుల్లో, చర్చి వరండాల్లో, పెరటి వాకిళ్లలో కూర్చుని అడిగింది. డాక్టరుకి చెప్పని సంగతులు ఆడవాళ్లు ఈ పిల్లకి చెప్పారు. ఏడు నెలల్లో నాలుగొందల పన్నెండు మందిని చూసింది. అందులో పంతొమ్మిది మందికి గడ్డలు తగిలాయి. అన్నీ క్యాన్సర్లే కావు గానీ పరీక్ష చేస్తే తప్ప తెలియదు. పంతొమ్మిది చీటీలు రాసి, ఫిబ్రవరిలో దుర్గాసాయి గారి దగ్గరికి సంతకానికి పట్టుకెళ్లింది. పరిశోధకుడి సంతకం ఉంటేనే ఉచితం కదా.

ఆయన అప్పుడు చెరువు పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే హడావిడిలో ఉన్నారు. అది అయ్యాక సంతకం పెడతానన్నారు. అది అయ్యేలోపు మంత్రిగారి సమీక్షా సమావేశం వచ్చింది.

సమావేశం జరిగిన గదిలో నేనూ ఉన్నాను. గోడకి ఫ్లెక్సీ కొలతలు తీసుకుంటున్నాను. మొదటి ఏడు ఫలితం ఏమిటని మంత్రిగారు అడిగారు. పంతొమ్మిదండి అన్నారు దుర్గాసాయి గారు. మంత్రిగారి మొహం చిన్నబోయింది.

"పథకం పెట్టకముందు ఎన్ని?"

"అప్పుడు ఎవరూ చూడలేదండి."

"అంటే సున్న. ఇంత ఖర్చుపెట్టి సున్నని పంతొమ్మిది చేశారన్నమాట."

శ్యామ్ సుందర్ గారు కాలిక్యులేటర్ తీసి, పెరుగుదల ఎంత శాతమో కట్టడానికి ప్రయత్నించారు. సున్నతో భాగిస్తే మెషిన్ ఒప్పుకోలేదు. గదిలో అందరూ తలలు దించుకున్నారు. కాస్సేపటికి మంత్రిగారే తేరుకుని దారి చూపించారు. జూన్‌లో కలిదిండిలో 'క్యాన్సర్ రహిత కొల్లేరు' సభ పెడదాం, పరిశోధనలో పాల్గొన్న ప్రతి మహిళకీ మీకు ఏ జబ్బూ లేదని నా ఫొటోతో ఒక ఉత్తరం ఇద్దాం అన్నారు. జబ్బుని ఉత్తరంతో తీసెయ్యవచ్చన్న ఆలోచన పెద్దపెద్ద డాక్టర్లకి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో మరి.

దుర్గాసాయి గారు రూబీని నా షాపుకే పిలిపించి, పంతొమ్మిదినీ సున్నగా రాసి ఇమ్మన్నారు. ఆవిడ ఇవ్వనంది. ఇద్దరూ ఎంత మెల్లగా మాట్లాడుకున్నారంటే, పక్కన జిరాక్సు తీయించుకుంటున్న మనిషికి గొడవ జరుగుతోందని కూడా తెలియలేదు.

"పండించేది నువ్వేనమ్మా, కాదనను. పంట ఎలా అమ్ముకోవాలో ఆసామి చూసుకుంటాడు."

"ఇది ధాన్యం కాదండి. మనుషుల పేర్లండి. ఒక్కసారి ఆ చీటీలు చదవండి."

ఆయన చదవలేదు. చీటీల కట్ట కారు డాష్‌బోర్డులో పడేసి, కౌలు రద్దు చేశారు. రూబీ తాడేపల్లిగూడెంలో ఒక కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెప్పడానికి చేరింది. కొత్త కౌలుదారు ఆయన మేనల్లుడు ఫణికిరణ్, కంప్యూటర్స్‌లో బీటెక్. నా షాపులో నా కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ, ఒక్క మధ్యాహ్నంలో పరిశోధన పూర్తి చేశాడు. ఒకే ఉత్తరం, నాలుగొందల పన్నెండు పేర్లు. నేను మందపాటి కాయితం మీద రంగుల్లో ప్రింటు తీశాను. మంత్రిగారి ఫొటో చాలా బాగా వచ్చింది.

రూబీ వారానికోసారి ఫోన్ చేసేది. సీటు ఊసు ఎత్తేది కాదు. సంతకాలు అయ్యాయాండీ అని మాత్రమే అడిగేది. సభ అయ్యాక అడుగుతాలేమ్మా అనేవాణ్ణి.

సభ కలిదిండి హైస్కూలు మైదానంలో జరిగింది. షామియానా, కూలర్లు, బూందీ పొట్లాలు, దేనికీ లోటు లేదు. మొదటి ఉత్తరం పరిశోధకుడి ఇంటినుంచే మొదలుపెడదామని మంత్రిగారు దుర్గాసాయి గారి భార్య సాయిదుర్గ గారిని వేదిక మీదికి పిలిచారు. ఆవిడ కొంగు సర్దుకుని వచ్చి ఉత్తరం అందుకున్నారు. అక్కడే నిలబడి మొత్తం చదివారు. తరవాత మంత్రిగారి దగ్గరికి జరిగి, ఆయనకి మాత్రమే వినపడేలా అడిగారు. మంత్రిగారి చేతిలో మైకుంది, అది ఆన్‌లో ఉంది.

"ఏవండీ, నాకు గడ్డ ఉందని రూబీ చెప్పిందండి. చెరువు పట్టుబడి హడావిడిలో ఆయన్ని కంగారుపెట్టడం ఎందుకని ఇంట్లో చెప్పకుండా ఊరుకున్నానండి. ఇందులో ఏమీ లేదని రాశారు. మరి అది ఎప్పుడు పోయిందండి?"

ఆఖరి వరసలో కూర్చున్న నాకు కూడా ప్రతి మాటా వినపడింది. మంత్రిగారు ఒక్క క్షణం కూడా తడబడలేదు. జనం వైపు తిరిగారు.

"విన్నారా? గడ్డ పోయింది. దీన్నే పరిశోధన అంటారు."

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. నేనూ కొట్టాను. వేదిక మీద దుర్గాసాయి గారొక్కరే కొట్టలేదు. ఆయన భార్య చేతిలో ఉత్తరం వైపు చూస్తూ ఉండిపోయారు.

మర్నాడు నేను షట్టరు ఎత్తేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కారు ఎదురుగా ఆగి ఉంది, అందులో సాయిదుర్గ గారు ఉన్నారు. ఆయన కళ్లు చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు. హైవే మీద కట్టే ఫ్లెక్సీలో, మంత్రిగారికి పంపే రిపోర్టులో నాలుగొందల పన్నెండు అని ఉన్నచోట నాలుగొందల పదకొండు అని మార్చమన్నారు.

"మా ఇంట్లో పేరు తీసెయ్యండి" అన్నారు.

మిగతా పద్దెనిమిది పేర్ల సంగతేంటండి అన్నాను. ఆ మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు, అడగడం నా వృత్తి కాదు.

"వాళ్లకి ఉత్తరాలు అందిపోయాయి కదండీ. మంత్రిగారి ఫొటో ఉన్నదాన్ని వెనక్కి ఇమ్మని ఎలా అడుగుతాం?"

డాష్‌బోర్డులోంచి చీటీల కట్ట తెచ్చి, నా కౌంటరు మీద పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పుతూ వెతికారు. సాయిదుర్గ గారి చీటీ ఏడోది. దాని మీద సంతకం పెట్టి, రూబీకి కబురు చెయ్యమన్నారు. తాడేపల్లిగూడెంలో బస్సెక్కి గంటన్నరలో వచ్చింది ఆ పిల్ల. ఆయన లేచి నిలబడ్డారు. అంతకుముందు రూబీ వస్తే ఆయన లేచి నిలబడటం నేను చూడలేదు.

"మా ఆవిడతో ఆస్పత్రికి నువ్వే వెళ్లాలమ్మా. మాకెవరికీ ఏం తెలీదు."

వెళతానండి, మిగతా వాటి మీద కూడా సంతకాలు పెట్టండి అంది రూబీ. ఆయనేమో, నా చేతుల్లో లేదమ్మా, పైవాళ్లకి నేనేం చెప్పుకోను అని, చీటీల్ని అక్కడే వదిలేసి, కారులో ఏసీ వెయ్యాలంటూ బయటికి వెళ్లిపోయారు.

రూబీ సంతకం ఉన్న చీటీని నా ముందుకి జరిపింది. దాని పక్కన సంతకం లేని పద్దెనిమిదినీ పెట్టింది. ఆ సంతకం వీటి మీద కూడా పడేలా చెయ్యండి బాబాయ్ గారూ అంది. తప్పమ్మా, దొంగసంతకం అంటారు, నా షాపుకి మంచి పేరుంది, పోలీసు కేసు అవుతుంది అని ఏవేవో చెప్పాను. ఆవిడ అంతా విన్నది.

"నాలుగొందల పన్నెండు ఉత్తరాలు వేశారు కదండీ" అంది.

మెషిన్ ఆన్ చేశాను. పావుగంట పట్టింది. ఆవిడ చీటీలు సంచిలో పెట్టుకుని కారెక్కింది.

ఇది జరిగి మూడు వారాలైంది. ఆస్పత్రిలో సంతకాలు ఎవరూ చూడలేదట, సంతకం ఉండాల్సిన చోట ఏదో ఒకటి ఉందా లేదా అని మాత్రం చూశారట. సాయిదుర్గ గారికి ఆపరేషన్ అయింది, సమయానికి వచ్చారు అన్నారట డాక్టర్లు. పద్దెనిమిది మందిలో ఏడుగురు రూబీ వెంట వెళ్లారు. మిగతా పదకొండు మంది రాలేదు. మంత్రిగారంతటివారే ఏమీ లేదని రాసిచ్చాక ఇంక ఆస్పత్రి ఎందుకమ్మా అన్నారట. రూబీ రెండు ఆదివారాలు గడపగడపకీ తిరిగినా కదల్లేదు.

నిన్న సుగుణ ఒక కవరు తెచ్చి ఇచ్చింది. అందులో ఆ పదకొండు మంది ఉత్తరాలు ఉన్నాయి. గోడకి పెట్టుకుంటాం, చెమ్మకి పాడైపోకుండా లామినేషన్ చేయించి పెట్టమని పంపించారు. అందరూ డబ్బులు కూడా ఇచ్చి పంపారు.

లామినేషన్ మెషిన్ చెడిపోయింది, బాగయ్యేసరికి ఆదివారం అవుతుందని చెప్పాను. ఎవరి ఉత్తరం వాళ్లే ఆదివారం స్వయంగా వచ్చి పట్టుకెళ్లాలని, ఇంకొకరి చేతికి ఇవ్వడం కుదరదని, ఇది మంత్రిగారి ఆఫీసు రూలని కబురు చేశాను. తరవాత రూబీకి ఫోన్ చేసి, ఆదివారం పొద్దున్న పదింటికల్లా వచ్చి నా షాపులో కూర్చోమన్నాను.